లెక్క కూడా లెక్కపెట్టలేనిదేనా?

కడపలో డబ్బును లెక్క అంటాం. "జేబులో లెక్క ఉందా?" అంటాం. "ఇంకా లెక్క చేతికి రాలేదు" అంటాం. "లెక్క పోతే పోయింది, మనిషి దక్కినాడు, చాలు" అంటాం. కొత్తగా ఈ ఊరికి వచ్చినవాళ్ళు మొదటి రెండు రోజులు తికమకపడి, ఏ లెక్క, ఎవరి లెక్క అని అడుగుతారు. మూడో రోజుకు వాళ్ళ నోటా అదే మాట వస్తుంది.

మా అమ్మ చిల్లర అంగడి నడిపేది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు సగం దించి, గల్లాపెట్టెను గోనెపట్ట మీద బోర్లించేది. చిల్లర నా పని. పావలాలు, అర్ధరూపాయలు, రూపాయి బిళ్ళలు వేరుచేసి పదేసి చొప్పున దొంతరలు పెట్టాలి. దొంతర వంకరగా ఉంటే ఎక్కడో ఒక బిళ్ళ వేరే రకం కలిసిందని అర్థం. నోట్లు అమ్మ చూసుకునేది. అన్నీ ఒకే వైపుకు తిప్పి, వేలు తడి చేసుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేసేది. రాసిపెట్టుకున్నదానికీ గల్లాకూ రెండు రూపాయలు తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు ప్రపంచంలో అన్నిటికన్నా జాగ్రత్తగా లెక్కపెట్టేది ఏదంటే, డబ్బే.

ఏడో తరగతిలో ఇంగ్లీషు సారు బోర్డు మధ్యలో గీత గీసి, ఎడమవైపు కౌంటబుల్, కుడివైపు అన్‌కౌంటబుల్ అని రాశారు. కౌంటబుల్ అంటే లెక్కపెట్టగలిగినవి, అన్‌కౌంటబుల్ అంటే లెక్కపెట్టలేనివి అని చెప్పారు. కుడివైపు వరుసగా వాటర్, మిల్క్, శాండ్, రైస్, వాటి కింద మనీ. నేను లేచి నిలబడ్డాను. "సార్, మనీ లెక్కపెడతాం కద సార్. మా ఇంట్లో రోజూ రాత్రి లెక్కపెడతాము" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు కోప్పడలేదు. "రూల్ అంతే పాపా, బట్టీ పట్టు" అన్నారు. పట్టాను. పరీక్షలో మార్కు కూడా వచ్చింది. సందేహం మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు నేను సాయంత్రం పూట మా మిద్దె మీద ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. పదిహేనేళ్ళ నుంచి చెబుతున్నాను. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు లేచి, నేను అడిగిన ప్రశ్నే అడుగుతారు. వాళ్ళ తరఫున ఇది రాస్తున్నాను. పిల్లల సందేహం న్యాయమైనది. మనం చెప్పే నిర్వచనం తప్పు. ఆ తప్పును దిద్దే పనిముట్టు మన తెలుగులోనే ఉంది. దాన్ని మాత్రం చెప్పులతో పాటు క్లాసు గుమ్మం బయట విడిచి రమ్మంటున్నాం.

నిర్వచనం ఎందుకు తప్పో చెప్పడానికి ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేదు. ఎండాకాలం రాత్రి మిద్దె మీద పడుకుని పైకి చూస్తే చుక్కలు. ఎవరికైనా లెక్క తేలుతుందా? తేలదు. అయినా ఇంగ్లీషులో స్టార్ కౌంటబులే. "లెక్కపెట్టలేనివి ఐదు రాయండి" అంటే స్టార్స్ అని రాసే పిల్లలు నాకు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. వాళ్ళు చెప్పిన మాటను చెప్పినట్టే నమ్మి, ఆకాశం వైపు చూసి, ఆలోచించి రాశారు. ఆలోచించిన పిల్లకు ఇంటూ, ఆలోచించకుండా లిస్టు అప్పజెప్పిన పిల్లకు టిక్కు పడుతోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

లెక్కపెట్టగలమా లేదా అన్నది వస్తువు సంగతి. కౌంటబులా కాదా అన్నది మాట సంగతి. రూపాయి అనే మాట కౌంటబుల్, నోటు కౌంటబుల్, బిళ్ళ కౌంటబుల్. మనీ అనే మాట కాదు. మా అమ్మ రాత్రిపూట లెక్కపెట్టింది రూపాయలను. ఆ రూపాయలన్నీ కలిపి చూస్తే కనిపించే ముద్దకు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు మనీ. ఇది మనకు తెలియని తేడా కాదు. సంగటి తినేటప్పుడు "రెండు సంగట్లు పెట్టు" అని ఎవరమూ అనం. "రెండు ముద్దలు పెట్టు" అంటాం. సంగటికీ ముద్దకూ ఉన్న తేడాయే మనీకీ రూపాయికీ ఉంది. ఏడో తరగతిలో ఈ ఒక్క మాట చెప్పి ఉంటే నాకు ఆ రోజే అర్థమయ్యేది.

తెలుగులో ఈ తేడాను చూపించే మాటలు రెండున్నాయి. పుట్టిన మూడేళ్ళకే అందరి నోటా ఆడతాయి. ఎన్ని, ఎంత. గుడ్లు ఎన్ని, చక్కెర ఎంత. కొన్ని గింజలు, కొంచెం ఉప్పు. ఇంగ్లీషులో మెనీ, మచ్ అనే జంట ఉన్నట్టే మనకు ఈ జంట ఉంది. పైగా మనం ఇంకో మెట్టు ఎక్కాం. మనుషులొస్తే ఎన్ని అనం, ఎంతమంది అంటాం. రెండు పుస్తకాలు, ఇద్దరు పిల్లలు. మూడు గొర్రెలు, ముగ్గురు కాపర్లు. ఇంగ్లీషులో పుస్తకానికీ మనిషికీ టూ ఒక్కటే. మన పిల్ల బడికి వచ్చేటప్పటికే ఇంగ్లీషు రెండు అరల్లో సర్దుకున్నదాన్ని మూడు అరల్లో సర్దుకుని వస్తుంది.

చుక్కల సంగతికే మళ్ళీ వస్తాను. చుక్కలు ఎలా ఉన్నాయంటే లెక్కలేనన్ని ఉన్నాయంటాం. డబ్బు ఎంత ఉందంటే లెక్కలేనంత ఉందంటాం. రెండూ లెక్కకు అందవు. అయినా ఒకదానికి 'అన్ని' వచ్చింది, ఇంకోదానికి 'అంత' వచ్చింది. ఎవరూ నేర్పకుండానే మన నోరు ఆ తేడా పాటిస్తుంది. కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అనే పాఠమంతా ఆ చివరి రెండు అక్షరాల్లో ఉంది. బోర్డు మీద ఈ రెండు మాటలు పక్కపక్కన రాసి, ఒక్క నిమిషం ఊరుకుంటాను. ముందు బెంచీలో కాదు, ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళలో ఎవరో ఒకరు "అక్కా, అర్థమైంది" అంటారు.

అప్పటి నుంచి మా ట్యూషన్లో కౌంటబుల్‌కు 'ఎన్ని మాట' అనీ, అన్‌కౌంటబుల్‌కు 'ఎంత మాట' అనీ పేర్లు. రెండో పేరు విని పిల్లలు నవ్వుతారు. నవ్వితే గుర్తుంటుంది.

అయితే పని ఇక్కడితో అయిపోదు. పోయినేడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె బడి పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్ళ వీధి గురించి పది వాక్యాలు రాయమన్నారట. "వాటర్స్ ఆర్ కమింగ్ వన్స్ ఇన్ టూ డేస్" అని రాసింది. వాటర్స్ చివరి ఎస్ మీద ఎర్ర ఇంకు అడ్డగీత, ఆర్ చుట్టూ సున్నా. "రెండు రోజులకు ఒకసారి నీళ్ళు వస్తాయి కదక్కా, వస్తుంది అని ఎట్ల రాయాల?" అని అడిగింది. ఆమె అడిగింది నూటికి నూరు పాళ్ళు సబబైన ప్రశ్న. నీళ్ళు వచ్చాయి. పాలు పొంగాయి. "నీళ్ళు వచ్చింది" అంటే మన చెవికి రాయి తగిలినట్టుంటుంది. పత్రికల్లో 'నీరు వచ్చింది' అని రాస్తారేమో గానీ, కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు ఎవరూ అలా అనరు. వంట చేసేటప్పుడు కూడా "బియ్యానికి ఎన్ని నీళ్ళు పోయాల?" అని అడుగుతాం. అంటే నీళ్ళు తెలుగులో 'ఎన్ని మాట', ఇంగ్లీషులో 'ఎంత మాట'.

దీనికి మన వ్యాకరణంలో పేరు కూడా ఉంది, నిత్య బహువచనం. ఎప్పుడూ బహువచనంలోనే ఉండే మాటలు. పాలు, నీళ్ళు, కందులు, పెసలు. దీని పక్కనే నిత్య ఏకవచనం. బంగారం, వెండి, చక్కెర, నూనె, ఇసుక. హైస్కూలు తెలుగు పీరియడ్‌లో చెబుతారు. రెండు మార్కుల ప్రశ్నగా వస్తుంది. ఆ పీరియడ్ అయ్యాక గంట కొడతారు, ఇంగ్లీషు పీరియడ్ మొదలవుతుంది, అదే విషయం ఇంకో వేషంలో వస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి చుట్టాలని పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం, ఇక్కడ రుచి ఉంది. నీళ్ళు బహువచనమే, కానీ "రెండు నీళ్ళు" అనగలమా? అనలేం. రెండు బిందెల నీళ్ళు, రెండు చెంబుల నీళ్ళు అనాలి. చివర 'ళ్ళు' ఉంది, క్రియలో 'యి' ఉంది, అంకె మాత్రం పక్కన నిలవదు. ఇంగ్లీషులోనూ ఇలాంటివి ఉన్నాయి. క్లోత్స్ ఎప్పుడూ బహువచనమే, కానీ త్రీ క్లోత్స్ అనకూడదు. థాంక్స్ బహువచనమే, ఫోర్ థాంక్స్ అని ఎవరూ చెప్పరు. నేను ఆ పిల్లకు చెప్పింది ఇంతే. "మనకు నీళ్ళు ఎట్లనో, వాళ్ళకు క్లోత్స్ అట్ల. వాళ్ళ దగ్గర నీళ్ళు వేరే అరలో ఉన్నాయి. నువ్వు మన అరలో వెతికినావు." ఆమె పేపరు మడిచి సంచిలో పెట్టుకుంటూ, "అంటే నాది తెలివితక్కువ తప్పు కాదు కదక్కా" అంది. కాదమ్మా అన్నాను.

ఆమె రాసిన వాటర్స్ అనే మాట ఇంగ్లీషులో లేనిదీ కాదు. కృష్ణా జలాల గొడవ గురించి ఇంగ్లీషు పేపరు తీస్తే కృష్ణా వాటర్స్ అనే ఉంటుంది. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టంలోనూ ఆ మాట ఉంది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్న నాటి నుంచి సీమ అడుగుతూ వస్తున్నది ఆ వాటర్స్‌లో తన వాటానే. నదికి, సముద్రానికి చెందిన జలాలు అన్నప్పుడు వాటర్స్ సరైన మాట. కొళాయికి వాటర్. ఈ తేడా చెప్పాలంటే ముందు పిల్ల రాసిన మాటను కొట్టేయకుండా చేతిలోకి తీసుకుని చూడాలి.

అమ్మ అంగడి నాకు ఇంగ్లీషు వ్యాకరణం కన్నా ముందు నేర్పిన వ్యాకరణం ఇంకొకటి ఉంది. గోనెసంచుల్లో కందులు, పెసలు, అలసందలు, ఉలవలు, జొన్నలు. అన్నీ బహువచనం. కందులు బాగున్నాయి. వాటిని పప్పు పట్టించి తెస్తే పక్క సంచిలో కందిపప్పు. కందిపప్పు బాగుంది. గింజ పగిలిందో లేదో, మాట ఏకవచనమైపోయింది. పప్పు బద్దలు గింజలకన్నా తక్కువేమీ లేవు, నిజానికి రెట్టింపు అయ్యాయి. అయినా ఒక్కటే అయ్యాయి! వస్తువును లెక్కపెట్టడం కుదురుతుందా లేదా అన్నదానికీ వ్యాకరణానికీ సంబంధం లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ట్యూషన్లో ఒక చేతిలో గుప్పెడు కందులు, ఇంకో చేతిలో గుప్పెడు కందిపప్పు పట్టుకుని చూపిస్తాను. ఇవి ఉన్నాయి, ఇది ఉంది. ఇంట్లో అమ్మ ఏమంటుందో అదే చెప్పమంటాను.

వరి సంగతి ఇంకా బాగుంటుంది. చేనులో వడ్లు, బహువచనం. మిల్లు నుంచి వచ్చాక బియ్యం. మాట చివర 'లు' లేదు, కానీ "బియ్యం అయిపోయినాయి" అని క్రియను బహువచనంలో పెడతాం. ఉడికాక అన్నం, "అన్నం ఉడికింది", పూర్తిగా ఏకవచనం. పొలం నుంచి పళ్ళెంలోకి వచ్చేలోపు ఒకే గింజ మూడు మెట్లు దిగింది. ఆ ఉడికిన అన్నంలో ఒక్క పలుకును వేరుగా చెప్పాలంటే మెతుకు అనే మాట ప్రత్యేకంగా ఉంది. ఇంగ్లీషువాళ్ళు బియ్యాన్నీ అన్నాన్నీ రైస్ అనే అంటారు, వడ్లకు మాత్రం ప్యాడీ అంటారు, మెతుకుకు ఒక్క మాట లేదు. అన్నం చుట్టూ బతికినవాళ్ళకు అన్ని మాటలు కావలసి వచ్చాయి, వాళ్ళకు రాలేదు, అంతే.

వాళ్ళ గింజల దగ్గర వాళ్ళకూ ఇలాంటి కథలే ఉన్నాయి. గోధుమలకు వీట్, ఏకవచనం. అదే రకం పంట ఓట్స్, బహువచనం. రెండూ పక్కపక్క చేలలో పండుతాయి. ఎందుకలా అంటే వాళ్ళ తాతలు అలా అన్నారు, అంతకుమించి కారణం లేదు. బఠాణీల కథ నాకు మరీ ఇష్టం. వెనకటికి వాళ్ళు బఠాణీని 'పీజ్' అనేవాళ్ళు. అది మన కందిపప్పులా మొత్తానికి చెప్పే మాట. చివర ఉన్న 'జ్' శబ్దం విని, ఇది బహువచనం అయి ఉంటుందని జనం అనుకున్నారు. అయితే ఏకవచనం ఏది? 'పీ' అయి ఉండాలి. అలా పదిహేడో శతాబ్దంలో లేని ఏకవచనాన్ని పుట్టించుకున్నారు. ఈరోజు పరీక్షలో పీ, పీస్ అని రాస్తే మార్కు వేస్తారు. ఒకప్పుడు అది పొరపాటు. ఊరంతా చేస్తే రూల్ అయింది.

చిల్డ్రన్ కూడా అంతే. పాత ఇంగ్లీషులో చైల్డ్‌కు బహువచనం ఒకసారి వచ్చింది, 'ర్' తోడైంది. అది సరిపోలేదనిపించి దాని మీద ఇంకో బహువచన ప్రత్యయం 'ఎన్' తగిలించారు. రెండు బహువచనాలు ఒకదాని మీద ఒకటి. మన పిల్లలు షూస్‌లు, చిప్స్‌లు అన్నప్పుడు చేసేది సరిగ్గా అదే పని. చిప్స్ మనకు ఒక మాటగా వచ్చింది, దానికి మన 'లు' చేర్చుకున్నాం. తెలుగు మాట్లాడేటప్పుడు చిప్స్‌లు అంటే నేను దిద్దను. ఇంగ్లీషులో చిల్డ్రన్స్ అని రాస్తే దిద్దుతాను, దిద్దుతూ ఈ కథ చెబుతాను.

ఇన్ఫర్మేషన్ దగ్గర నాకొక పాత గాయం ఉంది. డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఒక ఆఫీసుకు ఇంటర్వ్యూకు వెళ్ళాను. మాటల మధ్యలో "ఐ నీడ్ సమ్ ఇన్ఫర్మేషన్స్" అన్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ మాటను మెల్లగా, చివరి ఎస్‌ను సాగదీసి మళ్ళీ పలికి, పక్కనున్న ఆమె వైపు చూశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనేం తప్పన్నానో నాకు తెలియలేదు. తెలియకపోవడమే ఎక్కువ టెన్షన్. తర్వాత అడిగిన నాలుగు ప్రశ్నలకు తెలిసిన జవాబులు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. రాత్రి కడప బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏ మాట దగ్గర నవ్వారో వెనక్కి వెనక్కి వెతుక్కున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఫ్రెంచివాళ్ళు ఇన్ఫర్మేషన్ అనే ఇదే మాటకు ఎస్ చేర్చి బహువచనం చేస్తారని. వాళ్ళ భాషలో అది తప్పు కాదు. ఫర్నిచర్‌ను కూడా వాళ్ళు బహువచనంలో చెబుతారు, మనం సామాన్లు అన్నట్టు. న్యూస్‌ను ఇంగ్లీషువాళ్ళే ఒకప్పుడు బహువచనంగా వాడేవాళ్ళు, మనం వార్తలు అన్నట్టు. ఆ కుర్చీలో ఆ రోజు ఒక ఫ్రెంచి మనిషి కూర్చుని అదే మాట అని ఉంటే, పరాయి భాష కదా అని ఊరుకునేవారేమో. నాకు పరాయి భాష కాదా? సమాచారాలు, సలహాలు, సామాన్లు అని నా భాష నాకు నేర్పింది. ఆ ఎస్ నా అజ్ఞానం నుంచి రాలేదు, నా తెలుగు నుంచి వచ్చింది. ఇది ఆ రోజు నాకు తెలిసి ఉంటే, తప్పు దిద్దుకునేదాన్ని కానీ తల దించుకునేదాన్ని కాదు.

మన ఊళ్ళోనే దీనికి తిరగేసిన ఉదాహరణ ఉంది. ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. బ్రౌన్ 1820లో కడపకు వచ్చారు. మద్రాసులో మొదలుపెట్టిన తెలుగు ఆయనకు ఇక్కడ గట్టిపడింది. ఆయనకు వాటర్ ఏకవచనం, మిల్క్ ఏకవచనం. ఇక్కడికొస్తే నీళ్ళు వచ్చాయి, పాలు విరిగాయి. మా ట్యూషన్ పిల్ల దాటవలసిన వంతెననే ఆయన అవతలి ఒడ్డు నుంచి దాటారు. ఎలా దాటారు? ఇంగ్లీషును మరిచిపోయి కాదు. 1840లో అచ్చయిన ఆయన తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాసిందే. 1852లో వచ్చిన నిఘంటువులో తెలుగు మాటలకు అర్థాలు ఇంగ్లీషులో ఇచ్చారు. తన భాష అరుగు మీద నిలబడి మన భాషను చూశారు. దాన్ని మనం పాండిత్యం అన్నాం, విగ్రహం పెట్టుకున్నాం, సంతోషమే. మన పిల్ల తన తెలుగు అరుగు మీద నిలబడి ఇంగ్లీషును చూస్తానంటే మాత్రం ఎందుకు వద్దంటున్నాం?

"ఇంగ్లీషును ఇంగ్లీషులోనే చెప్పాలి, తెలుగు తెస్తే పిల్లలు తర్జుమా చేసుకోవడం అలవాటు చేసుకుంటారు" అని నాతో పాటు ట్యూషన్లు చెప్పే స్నేహితురాలు అంటుంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. చిన్న తరగతుల్లో వ్యాకరణం కన్నా వినడం, మాట్లాడటం ముఖ్యం. రోజూ ఇంగ్లీషు వినిపించే ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ పాఠమే అక్కర్లేదు. కానీ మా మిద్దె మెట్లెక్కి వచ్చే పిల్లలకు ఇంగ్లీషు వినిపించేది బడిలో ఆ నలభై నిమిషాలే. మిగతా రోజంతా తెలుగే. మనం రావద్దన్నా తెలుగు వాళ్ళతో వస్తుంది, వాటర్స్ ఆర్ కమింగ్ అని కాగితం మీద కూర్చుంటుంది. దొంగచాటుగా వచ్చేదాన్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడటం మేలు. 2020-21లో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా అచ్చవడం మొదలైంది. సైన్సుకు, లెక్కలకు తెలుగు పక్కన ఉంటే మేలని ఒప్పుకున్నప్పుడు, ఇంగ్లీషు వ్యాకరణానికి మాత్రం ఎందుకు చేటవుతుంది?

లిస్టులు బట్టీ పట్టించవద్దని కూడా నేను అనను. పట్టిస్తాను. కానీ ఏ లిస్టు అన్నది ముఖ్యం. ఇంగ్లీషు గైడుల్లో అన్‌కౌంటబుల్ మాటలు పేజీల కొద్దీ ఉంటాయి. గోల్డ్, శాండ్, షుగర్, సాల్ట్, ఆయిల్, మట్టి, ఇనుము. వీటిలో ఒక్కటి కూడా మన పిల్ల నేర్చుకోవలసిన పని లేదు, తెలుగులోనూ అవి 'ఎంత మాట'లే. "చక్కెర ఎన్ని" అని ఎవరూ అనరు. నేర్చుకోవలసింది రెండు భాషలూ విడిపోయేచోట ఉన్న మాటలు. అవి ఒక పేజీకి మించవు. నీళ్ళు, పాలు, వార్తలు, సలహాలు, సామాన్లు, హోంవర్కులు, పనులు, డబ్బులు, ఇవి మనకు బహువచనం, వాళ్ళకు ఏకవచనం. దీనికి ఎదురుగా కత్తెర, ప్యాంటు ఉన్నాయి. మనకు ఒకటే, వాళ్ళకు సిజర్స్, ప్యాంట్స్. పోలీసు ఒక్కడే వచ్చినా వాళ్ళకు పోలీస్ అంటే బహువచనం, ఒక్కణ్ణి చెప్పాలంటే పోలీస్‌మన్ అనాలి. వెంట్రుకల దగ్గర కాస్త ఆగాలి. మనకు జుట్టు వేరు, వెంట్రుకలు వేరు. వాళ్ళకు రెండూ హెయిర్. తలమీద ఉన్నంతసేపు 'ఎంత మాట', సాంబారులో ఒకటి కనిపిస్తే 'ఎన్ని మాట', ఏ హెయిర్. చికెన్ కూడా అంతే, పెరట్లో తిరిగితే ఏ చికెన్, కూరలో పడితే ఉత్త చికెన్. మనం ముందే కోడి, కోడికూర అని విడదీసుకున్నాం కాబట్టి, ఒకే మాట రెండు పనులు చేయడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు.

కడప బండల ఊరు కాబట్టి స్టోన్ గురించి కూడా చెబుతాను. గోడ కట్టడానికి వాడే బండరాయి అంతా ఉత్త స్టోన్, కాలికి తగిలినది ఏ స్టోన్. ఇక మ్యాథమెటిక్స్ చివర ఎస్ ఉన్నా ఏకవచనమే. మనకేమో లెక్కలు, బహువచనం. "లెక్కలు కష్టంగా ఉన్నాయి", "మ్యాథ్స్ ఈజ్ డిఫికల్ట్". లెక్క అనే మాట మా ఊళ్ళో ఎన్ని పనులు చేస్తుందో చూడండి. ఒకటైతే డబ్బు, నాలుగైతే సబ్జెక్టు.

ఈ పేజీని మా పిల్లలు అట్ట మీద రాసి గోడకు తగిలించారు. కొత్త మాట దొరికినప్పుడల్లా ఒకరు కింద చేరుస్తారు. మొన్న ఎవరో గొర్రె అని రాశారు. గొర్రె, గొర్రెలు, షీప్, షీప్. మంద మొత్తానికీ ఒక్కదానికీ ఒకటే మాట. పాత ఇంగ్లీషులో ఆ మాటకు బహువచనం వచ్చినా రూపం మారేది కాదు, అలాగే నిలిచిపోయింది.

వాటర్స్ అని రాసిన ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదిలోకి వచ్చింది. వాళ్ళ నాన్నకు ఊరి బయట వానాధారం చేను ఉంది, శెనక్కాయలు వేస్తాడు. పోయిన వారం క్లాసు అయ్యాక అందరూ చెప్పులేసుకుంటుంటే ఆమె మెట్ల దగ్గర ఆగింది. "అక్కా, వాన ఎంత మాటా, ఎన్ని మాటా?" అంది. నేను కొంచెం ఆలోచించవలసి వచ్చింది. "ఎంత వాన పడింది" అంటాం. "ఈ ఏడు ఎన్ని వానలు పడినాయి" అనీ అంటాం. చేను ఉన్నవాళ్ళు వానను పదునుల్లో, అంటే నేల చాలినంత తడిసిన వానల్లో లెక్కపెడతారు. తెలుగులో రెండూ సరే అన్నాను. మరి ఇంగ్లీషులో? రెయిన్ వాళ్ళకు 'ఎంత మాట'. టూ రెయిన్స్ అని రాస్తే బడిలో కొట్టేస్తారు. "అయితే మా నాయన చేనికి రెండు వానలే పడినాయని ఎట్ల రాయాల?" అని అడిగింది.

ఆమె పుస్తకం తీసుకుని రాసి చూపించాను. "ఇట్ రెయిన్డ్ ఓన్లీ ట్వైస్." లెక్క ఎక్కడికి పోయిందో చూడు అన్నాను. మెట్ల మీద లైటు కింద పుస్తకం వంచి, ట్వైస్ అనే మాట కింద వేలు పెట్టి కాసేపు చూసింది.

"క్రియ పక్కకు పోయిందక్కా," అంది. "అంటే వానను వాళ్ళూ లెక్కపెడతారు."

"పెడతారు" అన్నాను.

ఆ వాక్యాన్ని తన చేత్తో ఇంకోసారి కింద రాసుకుని, దాని పక్కన తెలుగులో "రెండు వానలే" అని రాసి, పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళింది.